బొగ్గుగనుల ప్రాంతపు చెరువుల్లో శరత్కాల పక్షులు: రామగుండం – గోదావరిఖని పరిసరాలపై ఒక అధ్యయన పాఠం

రామగుండం, గోదావరిఖని పేర్లు వినగానే పొగగొట్టాలు, ఓవర్‌బర్డెన్ మట్టిగుట్టలు, బొగ్గు లారీలు మనసులో మెదులుతాయి. పక్షుల అధ్యయనానికి వెళ్లే విద్యార్థి ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడం అరుదు. అయితే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈ పరిసరాల్లోని ఏదైనా చెరువు ఎగువ అంచున తెల్లవారుజామున ఒక గంట నిలబడినవారికి ఇక్కడి నీటి వనరులపై ఎన్ని రకాల పక్షులు ఆధారపడుతున్నాయో తెలుస్తుంది. ఆ నీటి అంచు వ్యవసాయంతోనూ, చేపల పెంపకంతోనూ, గనులతోనూ పెనవేసుకొని ఉంది. అందుచేత దీనిని అటవీశాఖ పరిధిలోని విషయంగా మాత్రమే చూడరాదు. ఈ వ్యాసం విస్తరణ శాస్త్రవేత్తలను, వ్యవసాయ విద్యార్థులను ఉద్దేశించి వ్రాయబడింది.

ఈ ప్రాంతానికి సమీపంలో ఉన్న రక్షిత జలావరణం గోదావరి తీరాన, మంచిర్యాల – పెద్దపల్లి జిల్లాల పరిధిలోని శివ్వారం వన్యప్రాణి అభయారణ్యం. అది మొసళ్ల కోసం ప్రసిద్ధి పొందింది. ఆ సరిహద్దు దాటితే నీటిపక్షులకు మిగిలేవన్నీ మనిషి ఏదో ఒక అవసరానికి తవ్వినవీ, కట్టినవీ: గ్రామ చెరువులు, శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం, సుందిళ్ల బరాజు, విద్యుత్ కేంద్రపు జలాశయం, బూడిద చెరువు, పని ముగిసిన ఉపరితల గనుల గోతులు, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద సాగయ్యే వరి మడులు.

చట్టం దృష్టిలో ఏది చిత్తడి నేల?

1971లో రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం సహజమైనా, కృత్రిమమైనా, నీరు శాశ్వతంగా నిలిచినా, కొంతకాలమే నిలిచినా, చిత్తడి నేలల కిందే లెక్కించింది. భారతదేశం 1982 నుండి ఆ ఒప్పందంలో భాగస్వామి. కాని దేశంలో అమలులో ఉన్న 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నియమాలు నిర్వచనం దగ్గరే కొన్నింటిని మినహాయించాయి. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం ప్రత్యేకంగా నిర్మించిన మానవ నిర్మిత జలాశయాలు, సాగునీటి కోసం, ఆక్వా కోసం, ఉప్పు తయారీ కోసం, వినోదం కోసం ప్రత్యేకంగా కట్టినవి ఆ నియమాల పరిధిలోకి రావు. పై పేరాలోని జాబితాను ఈ మినహాయింపుల పక్కన పెట్టి చూస్తే గోదావరి, చెరువు, బరాజు, వరి మడి దాదాపుగా అన్నీ జారిపోతాయి. పక్షులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. కాని పక్షి నిలబడే బురదకు అటువంటి రక్షణ లేదు. ఆ బురద భవిష్యత్తును నిర్ణయించేది నీటిపారుదల అధికారి, మత్స్య సహకార సంఘం, గ్రామ పంచాయతీ, శిఖం భూమి అంచున సాగు చేసుకొనే రైతు. వీరందరితో నిత్యం మాట్లాడే ఉద్యోగి విస్తరణ శాస్త్రవేత్త ఒక్కరే. ఈ పాఠం ఇక్కడ ఎందుకు అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నీరు ఎంత ఉంది అన్నది కాదు, అంచు ఎలా ఉంది అన్నది

క్షేత్రానికి వచ్చిన విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు, పెద్ద నీటిలో ఎక్కువ పక్షులు ఉంటాయనుకోవడం. నిండిన గని గోయి వెడల్పుగా, నీలంగా, కంటికి ఇంపుగా ఉంటుంది. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే ఒకటి రెండు మునుగుడు కోళ్లు, గట్టు మీద రెక్కలు ఆరబెట్టుకొనే నీటికాకి, పైన తిరిగే గరుడ పక్షి కనిపించి ఊరుకోవచ్చు. పక్క ఊరి చెరువు తోకలో, మోకాలి లోతు కూడా లేని మురికి నీటిలో, ఉల్లంకులు, కొంగలు, కంకణాలు, తామరకోళ్లు కిక్కిరిసి ఉంటాయి.

కారణం పక్షుల కాళ్లలోనూ, ముక్కుల్లోనూ ఉంది. చిన్న ఉల్లంకి జాతులు నాలుగైదు సెంటీమీటర్లకు మించిన నీటిలో ఆహారం వెదుక్కోలేవు. తల ముంచి తోక పైకెత్తి మేసే ఉపరితల బాతులకు 25–30 సెంటీమీటర్ల లోపు నీరు అనువైనది. నీటికాకి, మునుగుడు కోడి వంటి మునిగే పక్షులకు మాత్రమే లోతైన నీరు పనికివస్తుంది. కనుక ఒక జలాశయం ఎన్ని పక్షులను పోషించగలదో తెలుసుకోవాలంటే దాని విస్తీర్ణం కన్నా అంచు వాలును కొలవాలి.

చిన్న లెక్క చూద్దాం. చెరువు ఎగువ అంచు 100 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉందనుకుందాం. నీటి మట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే 10 మీటర్ల వెడల్పున తడి బురద బయటపడుతుంది. అర కిలోమీటరు తీరం ఉంటే అది 5,000 చదరపు మీటర్లు, అంటే అర హెక్టారు. గని గోతి గోడ మీటరుకు మీటరు వాలి ఉంటే, అదే 10 సెంటీమీటర్ల తగ్గుదలకు, అదే పొడవు తీరానికి, 50 చదరపు మీటర్లు మాత్రమే బయటపడతాయి. అదీ రాతి గట్టు. నూరు రెట్ల తేడా ఇది.

ఇప్పుడు అదే చెరువులో అర మీటరు లోతు వరకు ఉన్న పైభాగాన్ని తీసుకుందాం. దాని వెడల్పు 50 మీటర్లు, విస్తీర్ణం రెండున్నర హెక్టార్లు, అంటే సుమారు ఆరెకరాలు. అందులో నిలిచే నీరు 6,250 ఘనపు మీటర్లు. ఇంజినీర్ల భాషలో 0.22 ఎంసీఎఫ్‌టీ. నీటి లెక్క చూసేవారికి ఇది లెక్కలోకి రానంత స్వల్పం. అందుకే శిఖం అంచున ఎవరైనా మట్టి పోసి చదును చేసినప్పుడు చెరువు సామర్థ్యం పెద్దగా తగ్గలేదనే మాట సులువుగా వస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని శరత్కాలంలో చెరువు నిండుగా ఉన్నప్పుడు పక్షులకు ఉపయోగపడే భాగమంతా ఆ ఆరెకరాల్లోనే ఉంటుంది. మత్తడి దగ్గరి లోతు నీటిలో వాటికి పని లేదు.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికతీతను కూడా ఈ కోణం నుండి చూడవలసి ఉంది. పూడిక మట్టి పొలాలకు చేరడం నేల సారానికి మంచిదని మన శాఖలే ప్రచారం చేశాయి. అందులో తప్పు లేదు. కట్ట వైపు, తూముల వైపు లోతు చేయడం అవసరమే. ఎగువ అంచును కూడా నిటారుగా తవ్వినచోట మాత్రం చెరువు గని గోతి స్వభావానికి దగ్గరవుతుంది. తవ్వే యంత్రానికి కట్ట వైపు, తోక వైపు అనే భేదం తెలియదు. ఆ భేదం అంచనాలు వ్రాసేవారికి తెలియాలి.

గోదావరిలో మారిన దృశ్యం

2019లో కాళేశ్వరం బరాజులు నిండడంతో గోదావరిఖని వద్ద నది స్వరూపం మారింది. వర్షాకాలం తరువాత ఇసుక తేలే చోట సుందిళ్ల బరాజు వెనుక నీరు నిలిచింది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు స్తంభాలు కుంగిన తరువాత ఎగువనున్న అన్నారం, సుందిళ్ల బరాజుల్లో కూడా నీటి నిల్వ ఆగిపోయింది. ఇసుక తిన్నెలు మళ్లీ బయటపడ్డాయి. రైతుకు, మత్స్యకారునికి ఇది నష్టం. పక్షుల విషయంలో లాభనష్టాలను జాతి వారీగా చూడాలి. నిలకడ నీరు బొల్లికోళ్లకు, బాతులకు అనుకూలం. ఇసుక తిన్నెలు మన కావ్యాల్లో విరహానికి ప్రతీకలైన జక్కవలకు అనుకూలం. జక్కవ అంటే చక్రవాకం; ఇటుకరంగు శరీరం గల ఈ పెద్ద బాతు హిమాలయాలకు ఆవలి ప్రాంతాల నుండి శీతాకాలానికి వచ్చి నదీ సైకతాలపై జంటలుగా నిలుస్తుంది. నది టెర్న్, చిన్న ప్రాటింకోల్ వంటివి వేసవిలో గుడ్లు పెట్టేది కూడా ఇసుకలోనే. ఒకే నది రేవులో ఐదేళ్ల వ్యవధిలో ఇసుక పోయి నీరు వచ్చి, నీరు పోయి ఇసుక రావడం పరిశోధక విద్యార్థికి అరుదుగా దొరికే సహజ ప్రయోగం. దానిని క్రమంగా నమోదు చేయడం ఇప్పటికైనా మొదలుపెట్టవచ్చు.

విద్యుత్ కేంద్రపు జలాశయంలో మరొక మార్పు జరిగింది. ఎన్‌టీపీసీ రామగుండంలో 100 మెగావాట్ల నీటిపై తేలే సౌర విద్యుత్ కేంద్రం 2022 జూలై 1 నుండి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. దాని పలకలు జలాశయంలో సుమారు 500 ఎకరాలు ఆక్రమించాయి. నీరు ఆవిరి కాకుండా ఆపడం దాని ప్రయోజనాల్లో ఒకటి. నీటికాకులకు, కొంగలకు తేలే వేదికలు కూర్చునేందుకు పనికిరావచ్చు; విశాలమైన నీటిపై గుంపుగా వాలే బాతులకు మాత్రం అంత మేర జాగా తగ్గినట్లే. సింగరేణి సంస్థ మేడిపల్లి ఉపరితల గని గోతిలో పంప్డ్ స్టోరేజి విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించింది. అటువంటి కేంద్రాల్లో నీటి మట్టం ప్రతిరోజూ పెరిగి తగ్గుతుంది. అంచున మొక్క వేరూనదు, బురదలో పురుగు నిలవదు. అక్కడ పక్షుల కోసం ఏదైనా చేయదలిస్తే ప్రధాన గోతిలో కాక, పక్కన విడిగా లోతులేని మడుగు తవ్వడం మేలు.

బూడిద చెరువును గురించి ఒక హెచ్చరిక చాలు. దాని అంచు లోతులేనిది, వాలు తక్కువ. ఉల్లంకులు, తీతువులు వాలడంలో వింత లేదు. పక్షి వాలింది కనుక నీరు శుభ్రమైనదని నిర్ధారించడం శాస్త్రం కాదు. బురదను, అందులోని పురుగులను పరీక్షించిన తరువాతనే ఆ మాట అనాలి.

చెరువు తోకలో ఒక రోజు

అక్టోబరు రెండో పక్షంలో సూర్యోదయం ఆరు గంటల ప్రాంతంలో అవుతుంది. దానికి పావుగంట ముందే చెరువు నడుమ ఉన్న తుమ్మ చెట్ల నుండి కొంగలు లేస్తాయి. ముందు తెల్ల కొంగలు, తరువాత నల్ల కంకణాలు, ఆఖరున నీటికాకులు. గుడ్డికొంగ ఎక్కడికీ వెళ్లదు, గట్టునే ఉంటుంది. దాని కన్నంత చురుకైన కన్ను ఆ చెరువులో మరొకటి ఉండదు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని అన్యాయంగా పెట్టారు. గణనకు ఇదే సరైన సమయం. మొదటి మూడు గంటల్లో లెక్క ముగించాలి.

ఏడు గంటలకు గనుల్లో షిఫ్టు మారుతుంది. కట్ట మీద మోటారు సైకిళ్ల రాకపోకలు పెరుగుతాయి. తెప్పల మీద మత్స్యకారులు వలలు ఎత్తుతారు. బర్రెలు నీటిలో దిగగానే పసుల కొంగలు, పసుపు వాగ్‌టెయిళ్లు వాటి చుట్టూ చేరతాయి. ఎండ ముదిరాక పక్షులు చెదిరి పొలాల్లోకి వెళ్తాయి. వానాకాలపు వరి కోతలు మొదలైనచోట హార్వెస్టర్ వెనుక పసుల కొంగల వరుస కనిపిస్తుంది. యంత్రం లేపే మిడతలే వాటి ఆహారం. తడి ఆరని మడుల్లో నత్తగుల్ల కొంగలు నత్తలను ఏరుతాయి. మూసినా నడుమ సందు మిగిలే వాటి ముక్కును వంకరగా పెరిగిన లోపమని విద్యార్థులు భావిస్తుంటారు. అది నత్తను పట్టి కండను బయటకు లాగడానికి అమరిన సాధనం.

పగటిపూట ఉపరితల గనిలో బ్లాస్టింగ్ జరిగితే చెరువంతా ఒక్కసారిగా లేస్తుంది. ఆ పక్షులు పక్క చెరువులో వాలితే అక్కడ లెక్కించేవారు వాటినే మళ్లీ లెక్కిస్తారు. విద్యార్థులతో చేసిన ఒక గణనలో ఈ రచయిత అలాగే ఒకే చిలువల గుంపును రెండుసార్లు నమోదు చేసి, సాయంత్రం రెండు పట్టికలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు గాని తప్పు గ్రహించలేదు. నాటి నుండి మా నమోదు పత్రంలో బ్లాస్టింగ్ సమయానికి ఒక గడి చేరింది. మరొక ఆచరణ సూచన: బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలు గణన పెట్టుకోవద్దు. ఊరి ఆడపడుచులంతా గునుగు, తంగేడు పూలతో చెరువుకు వచ్చే వేళలో కొంగలు గూటికి చేరే తీరు మామూలుగా ఉండదు. ఉన్నా లేకున్నా, మనం బైనాక్యులర్స్ పట్టుకొని నిలబడడం మర్యాద కాదు. దసరా నాడు జమ్మి పూజ తరువాత పాలపిట్టను చూడడం ఇక్కడి ఆచారం. రాష్ట్ర పక్షి అయిన దానిని పంజరంలో పెట్టి చూపించి డబ్బు తీసుకోవడం మాత్రం చట్ట విరుద్ధమని రైతు సమావేశాల్లో చెప్పవలసిన సమయం కూడా అదే.

వలస పక్షులలో ఉల్లంకులు ముందు వస్తాయి. ఆగస్టు నుండే కనిపిస్తాయి. మూడింటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. నడుస్తూ వెనుక భాగాన్ని ఎడతెగక ఆడించేది, భుజం ముందు తెల్లని చీలిక ఉండేది సాధారణ ఉల్లంకి. ఎగిరినప్పుడు రెక్కల అడుగు నల్లగా, నడుము తెల్లగా మెరిసేది ఆకుపచ్చ ఉల్లంకి. రెక్కల అడుగు లేతగా ఉండి, వీపు మీద చుక్కలుండేది వుడ్ శాండ్‌పైపర్. బాతులలో గార్గనీ తొందరగా వస్తుంది. చిక్కు ఏమిటంటే ఈ కాలంలో మగ బాతులు పాత రంగు ఈకలు రాల్చి ఆడవాటివలె కనిపిస్తాయి. కంటి మీద, కంటి కింద స్పష్టమైన గీతలుంటే గార్గనీ అని, రెక్కలో మెరిసే ఆకుపచ్చ పట్టె ఉండి ముఖం సాదాగా ఉంటే చిన్న చిలువ అని భావించవచ్చు. సందేహమున్నచోట గుర్తించని బాతు అని వ్రాయడం గౌరవానికి భంగం కాదు.

1987 నుండి జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన జనవరిలో జరుగుతుంది. శరత్తులో ఇక్కడ నాలుగు రోజులు ఆగి దక్షిణానికి సాగిపోయే పక్షులు అప్పటికి ఇక్కడ ఉండవు. జనవరి లెక్క ఒక్కదానినే చూసి ఈ చెరువులకు ప్రాధాన్యం లేదనుకొంటే, బస్సులన్నీ వెళ్లిపోయాక వచ్చి బస్టాండు ఖాళీగా ఉందన్నట్లే అవుతుంది.

మత్స్యకారుడు, రైతు, పక్షి

ఉచిత చేపపిల్లల పంపిణీ జరిగేది కూడా ఇంచుమించు ఈ నెలల్లోనే. నీటికాకులు చేపపిల్లలను తినేస్తున్నాయన్నది మత్స్యకారుల ఫిర్యాదు. దానిని కొట్టిపారేయరాదు, నీటికాకి తినేది చేపనే. కాలానుగుణ చెరువుల్లో వదిలే 35–40 మిల్లీమీటర్ల పిల్లల కన్నా 80–100 మిల్లీమీటర్ల పిల్లలు తప్పించుకోవడంలో మెరుగు, అయినా పూర్తిగా సురక్షితం కావు. పిల్లలను ఒకేచోట గుమ్మరించక పలుచోట్ల, సాయంత్రం చీకటి పడే ముందు వదలడం, తాటి మట్టలు, ముళ్ల కంప నీటిలో ముంచి దాగుచోట్లు కల్పించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. సన్నని నైలాన్ వలను నీటిపై వదులుగా పరచడం మాత్రం వద్దు. అందులో నీటికాకితో పాటు లకుముకి పిట్ట, గుడ్లగూబ, కొన్నిసార్లు గరుడ పక్షి కూడా చిక్కుతాయి.

వరిలో నీలి బొల్లికోడి చేసే నష్టం నిజమైనదే. చెరువు అంచున తుంగ, జమ్ము తగలబెట్టినచోట అది మడుల్లోకి వస్తుంది; అంచున కొంత జమ్మును ఉంచితే దాని మేత, గూడు అక్కడే దొరుకుతాయి. జమ్ము మొత్తం ఉంచమని రైతుకు చెప్పడం కూడా ఆచరణ సాధ్యం కాదు. యాసంగి నారుమళ్లలో కార్బోఫ్యురాన్ గుళికలు వాడేటప్పుడు వాటిని నేలపై తేలి కనిపించేలా చల్లరాదు. గింజ అనుకొని, ఇసుక రేణువు అనుకొని మింగిన పక్షికి కొద్ది గుళికలే ప్రాణాంతకం. చచ్చిన పిట్టను తిన్న గద్దకూ విషం సోకుతుంది. కలుపు గట్లపై పడిన గుళికలను మట్టితో కప్పించాలి, ఖాళీ సంచులను చెరువులో కడగనీయరాదు.

యాసంగికి తూము తెరిచాక మట్టం దిగడం మొదలవుతుంది. ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా దిగితే ప్రతి వారం కొత్త బురద బయటపడుతుంది. ఆయకట్టు రైతులు వంతుల వారీగా నీరు వాడుకొనే పాత పద్ధతిలో ఇది దానంతటదే జరిగేది.

విద్యార్థులు ఆగస్టు మొదటి వారం నుండి నవంబరు చివరి వరకు వారానికొకసారి, ఒకే చోటు నుండి, ఒకే వేళకు నమోదు చేయాలి. పక్షుల సంఖ్యతో పాటు మత్తడి నుండి నీటి మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో, ఎగువ అంచున ఎన్ని అడుగుల బురద కనిపిస్తోందో, చేపపిల్లలు వదిలిన తేదీ, కోతలు మొదలైన తేదీ, బ్లాస్టింగ్ వేళ వ్రాయాలి. అంచు వాలును కొలవడానికి పరికరం అక్కరలేదు. ఒక తాడు, ఒక కొలకర్ర, నీటిలో దిగడానికి ఒప్పుకొనే ఒక విద్యార్థి చాలు. నవంబరు ఆఖరులో తలపై రెండు నల్ల పట్టెలు గల బూడిదరంగు బాతులు, బార్ హెడెడ్ గూస్ అనేవి, పొద్దున యాసంగి దుక్కుల్లో మేస్తూ కనిపిస్తే వాటి గుంపు పరిమాణాన్ని విడిగా వ్రాయాలి. అవి హిమాలయాలు దాటి వచ్చినవి, పొలంలో మేస్తున్న గుంపులు ఉదయపు చెరువు గణనలో తప్పిపోతాయి.